పక్షికి "ఒక్క చుక్క" వేయమనే సలహా ఇక ఆపండి

పక్షి డల్‌గా ఉంది, ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది అని ఎవరైనా అనడమే ఆలస్యం, "ఐవర్‌మెక్టిన్ (పురుగుల మందు) ఒక్క చుక్క మెడ వెనకాల వేసెయ్, పురుగులన్నీ పోతాయి" అనే మాట వచ్చేస్తుంది. వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఏ మందులోంచి చుక్క? ఎంత శాతం మందు? పక్షి బరువెంత? రెట్ట ఎవరైనా చూశారా? ఒక్కటీ అడగరు.

ఒకసారి లెక్క వేయండి. పశువులకు ఇంజెక్షన్‌గా ఇచ్చే ఒక శాతం ఐవర్‌మెక్టిన్‌లో మిల్లీలీటరుకు 10,000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. పక్షులకు సాధారణంగా ఇచ్చే మోతాదు కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు. 35 గ్రాముల బడ్జీకి (చిన్న పెంపుడు చిలుక) కావలసింది 7 మైక్రోగ్రాములే. డ్రాపర్‌లోంచి పడే చుక్క దాదాపు 0.05 మిల్లీలీటరు, అంటే 500 మైక్రోగ్రాములు. డెబ్బై రెట్లు! 12 గ్రాముల జీబ్రా ఫించ్ పిట్టకైతే రెండు వందల రెట్లు దాటుతుంది. మర్నాడు పక్షి చచ్చిపడి ఉంటే "పురుగులు ముదిరిపోయాయి, మందు ఆలస్యమైంది" అంటారు. కాదండీ, అది మందు పనే అయి ఉండొచ్చు. పల్చన చేసిన మందు, దాన్ని కొలవడానికి సన్నటి సిరంజి, గ్రాముల్లో తూచే కాటా లేకుండా చిన్న పక్షికి ఈ మందు జోలికి పోకూడదు. ఫెన్‌బెండజోల్ అనే మరో పురుగుల మందు సంగతీ అంతే. కోళ్లకు బాగానే పనిచేసే ఆ మందు పావురాల్లో, గువ్వల్లో ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఈకలు వచ్చే కాలంలో ఇస్తే కొత్త ఈకలు వంకరగా వస్తాయి.

అసలు చిక్కంతా అన్నింటినీ కలిపి "పురుగులు" అనేయడంలో ఉంది. బడ్జీ ముక్కు చుట్టూ తేనెపట్టులా చిల్లుల చిల్లుల పొలుసు కట్టించే మైట్, అంటే కంటికి ఆనీ ఆననంత చిన్న పురుగు, ఒకటి ఉంది. అది పుట్టడం, పెరగడం, చావడం అన్నీ పక్షి చర్మంలోనే. దానికి పక్షి మీద మందు వేయాలి, సరైన మోతాదులో వేస్తే అద్భుతంగా తగ్గుతుంది. రక్తం తాగే ఎర్ర మైట్ దారి వేరు. అది రాత్రి వచ్చి తాగి, తెల్లారేసరికి చెక్క పగుళ్లలోకి, పెర్చ్ (పక్షి కూర్చునే కర్ర) చివర్ల సందుల్లోకి పోతుంది. పగలు పక్షిని పట్టుకుని ఎంత వెతికినా కనపడదు. అంత బాగా దాక్కుంటుంది కాబట్టి "మా దగ్గర మైట్లు లేవు" అనుకుంటారు. పెర్చ్‌ను గోడలోంచి ఊడబీకి ఆ చివర చూడండి. సన్నటి బూడిదరంగు పొడి పేరుకుని ఉంటే, దాన్ని తెల్లకాగితం మీద దులిపి వేలితో రాయండి. ఎర్రటి గీత పడిందంటే అది మీ పక్షుల రక్తమే. గూడు పెట్టెలో పక్షి పిల్లలు పాలిపోయి చనిపోతుంటే నేను ముందు చూసేది ఆ సందులే. ఈ మైట్ ఆహారం లేకుండా నెలల తరబడి బతుకుతుంది కాబట్టి పంజరాన్ని కొన్నాళ్లు ఖాళీగా వదిలేస్తే పోదు. వేడిగా ఉంటే వారం పది రోజుల్లో గుడ్డు నుంచి పెద్దదవుతుంది కాబట్టి ఒక్కసారి స్ప్రే కొట్టినా పోదు. పక్షులను తీసేసి, ప్రతి పగులూ కడిగి, మందు కొట్టి, వారానికి మళ్లీ కొట్టాలి.

ఇక ఏలికపాములు. "నెల నెలా డీవార్మింగ్ చేస్తున్నా తగ్గట్లేదు" అనేవాళ్లను నేను అడిగేది ఒకటే, మీ ఏవియరీ (పక్షులను వదిలి పెంచే పెద్ద పంజరం) నేల ఎలా ఉంది? రెట్టలో పడిన ఏలికపాము గుడ్డు ఆ రోజే అంటుకోదు. వెచ్చగా, తడిగా ఉన్నచోట రెండు మూడు వారాలు ఉంటేనే అందులో పిల్ల తయారవుతుంది. ఆలోపే రెట్ట ఎత్తి పారేస్తే గొలుసు అక్కడే తెగిపోతుంది. మట్టి నేల, కారే నీళ్ల గిన్నె, కింద చల్లిన గింజలు ఉన్నచోట ఏం మందు ఇచ్చినా మర్నాడే పక్షి మళ్లీ గుడ్లు మింగుతుంది. ఆ గుడ్ల పెంకు చాలా గట్టిది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు. మరిగే నీళ్లు, ఆవిరి, బాగా ఎండ తగలడం, పొడిగా ఉంచడం, ఇవే పనిచేస్తాయి. నెలనెలా మందు కొనే శ్రద్ధలో సగం నేల మీద పెట్టండి.

పక్షులకు జబ్బు తెచ్చే కాక్సిడియా, ట్రైకోమోనాస్ అసలు పురుగులే కావు, ఏకకణ జీవులు. పురుగుల మందు వాటిని తాకనైనా తాకదు. గౌల్డియన్ ఫించ్ రాత్రిపూట టిక్కు టిక్కుమని శ్వాస తీస్తుంటే అది గొంతులోని మైట్ కావచ్చు. దాన్ని జలుబు అనుకుని వారాలపాటు యాంటీబయాటిక్ పోసేవాళ్లు ఎందరో.

నీళ్లలో కలిపి ఇచ్చే పద్ధతి మీద కూడా నాకు నమ్మకం లేదు. ఐవర్‌మెక్టిన్ నీళ్లలో సరిగా కరగదు. బడ్జీలు, జీబ్రా ఫించ్‌లు ఎండు నేలల నుంచి వచ్చినవి, కొంచెం నీళ్లతోనే నెట్టుకొస్తాయి. చేదు తగిలితే అదీ మానేస్తాయి. బాగున్న పక్షి ఎక్కువ తాగుతుంది, జబ్బు పక్షి తక్కువ తాగుతుంది. మందు ఎవరికి అందాలో వాళ్లకే అందదు. వెల్లుల్లి, గుమ్మడి గింజలు, వెనిగర్ అంటారా, పెట్టుకోండి, కానీ పురుగులు పోయాయని వాటిని నమ్మి పరీక్ష మానొద్దు.

"పక్షుల డాక్టర్ దొరకడు" అనే మాట నాకు అర్థమవుతుంది, అది నిజమైన కష్టమే. కానీ రెట్ట పరీక్షకు పక్షుల నిపుణుడే అక్కర్లేదు. మైక్రోస్కోపు ఉన్న ఏ పశువైద్యుడైనా చూడగలడు. పురుగుల గుడ్లు రోజూ ఒకేలా పడవు కాబట్టి మూడు నాలుగు రోజుల రెట్టను చిన్న డబ్బాలో వేసి, ఫ్రిజ్‌లో ఉంచి తీసుకెళ్లండి. తాజా రెట్ట కూడా ఇవ్వండి. కొత్త పక్షి వస్తే కనీసం 30 రోజులు విడిగా ఉంచి, ఆ మధ్యలో రెండుసార్లు పరీక్ష చేయించాకే గుంపులో కలపండి.

ఇప్పుడు మీ దగ్గర ఉబ్బిన పక్షి ఉంటే చేతిలోకి తీసుకుని రొమ్ము ఎముక తడమండి. కత్తి అంచులా తగిలితే అది చాలా రోజులుగా చిక్కిపోతోందని అర్థం. వెచ్చగా విడిగా పెట్టండి, తూచండి, ఆ బరువు రాసుకుని రెట్ట డబ్బాతో సహా డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. చుక్క మందు సీసా ఇంట్లోనే వదిలేయండి.