ఎవరూ నొక్కని బటన్: మన 3డి ప్రింటర్ల తెరలు ఎందుకు బాగుపడవు?

రాత్రి పదకొండు దాటింది. బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి హాల్లో ఓ మూల ఉన్న 3డి ప్రింటర్ పని ముగించి అరగంటయింది. ఈపాటికి నాజిల్, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి వదిలే ముక్కు, చల్లబడి ఉండాలి. మంచినీళ్ల కోసం లేచి వస్తే తెర ఇంకా వెలుగుతోంది. దాని మీద టార్గెట్ ఉష్ణోగ్రత 200 డిగ్రీలు అని ఉంది. నేను చూస్తుండగానే 210 అయింది, తర్వాత 220. ప్లస్ గుర్తు దానంతటదే నొక్కుకుంటోంది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు. 240 దగ్గర గోడ స్విచ్ ఆపేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

టచ్ సరిగా పనిచేయకపోతే చిరాకు పడి వదిలేస్తాం. దాన్ని చిన్న లోపంగా చూడటం తప్పని ఆ రాత్రి అర్థమైంది. ఇలాంటి ప్రింటర్లలో ఎక్కువగా వాడే మార్లిన్ ఫర్మ్‌వేర్‌లో (యంత్రాన్ని లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్‌లో) వేడి అదుపు తప్పకుండా కాపలా ఉంటుంది. హీటర్‌కు కరెంటు ఇస్తున్నా ఉష్ణోగ్రత పెరగకపోతే, సెన్సర్ ఊడిపోతే యంత్రాన్ని ఆపేస్తుంది. కానీ 240కి వెళ్లమని తెర అడిగితే ఆ ఆదేశం మనిషి వేలు ఇచ్చిందా, పాడైన ప్యానెల్ ఇచ్చిందా అని అది చూడదు. మామూలు సెట్టింగ్‌లో నాజిల్ గరిష్ఠ పరిమితి 275 డిగ్రీలు. చౌక ప్రింటర్లలో నాజిల్ దాకా వచ్చే టెఫ్లాన్ గొట్టం 240 దాటితే పాడవడం మొదలవుతుంది. అంటే కాపలా మేలుకునే లోపే గొట్టం మాడుతుంది.

మర్నాడు వీడియో తీసి సర్వీస్ వాళ్లకు పంపాను. రెండు రోజులకు జవాబొచ్చింది. టచ్ కంట్రోలర్ (ఎక్కడ నొక్కారో గుర్తించే చిప్) పోయింది, డిస్‌ప్లే అసెంబ్లీ మొత్తం మార్చాలి, 4,200 రూపాయలు, స్టాక్ లేదు, ఆరు వారాలు ఆగాలి. బోర్డు సర్క్యూట్ డయాగ్రమ్ ఇవ్వమని అడిగితే బయటికి ఇవ్వమన్నారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. నా గొడవ ఆ జవాబుతో. వీడియో చూసి కంట్రోలర్ పోయిందని ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగేది మీటర్ ఒక్కటే, ఆ మీటర్ ఎక్కడ పెట్టాలో తెలియాలంటే బొమ్మ కావాలి. ఆ బొమ్మే మనకు ఇవ్వడం లేదు.

ఈ యంత్రాల పుట్టుక తెలిస్తే ఇది ఇంకా బాధ కలిగిస్తుంది. 2005లో ఇంగ్లండ్‌లోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బోయర్ మొదలుపెట్టిన రెప్‌రాప్ ప్రాజెక్టు ఉద్దేశం, తన భాగాలను తానే తయారు చేసుకోగల ప్రింటర్ డిజైన్‌ను అందరికీ ఉచితంగా ఇవ్వడం. ఇవాళ ఇళ్లలో ఉన్న చౌక ప్రింటర్లు చాలావరకు ఆ చెట్టు కొమ్మలే. 2011లో వచ్చిన మార్లిన్ కూడా ఎవరైనా చదివి మార్చుకోగల లైసెన్స్‌తోనే వచ్చింది. అప్పట్లో ప్రింటర్ ముందు ఒక చిన్న ఎల్‌సీడీ, పక్కన తిప్పే బిళ్ల ఉండేవి. నాలుగు వరుసల అక్షరాల తెర ఒకటి, 128 బై 64 చుక్కల తెర ఇంకొకటి. రెండు రిబ్బన్ కేబుళ్లతో ప్రధాన బోర్డుకు తగిలించేవాళ్లం. తెరపై ఏం కనిపించాలో ప్రధాన బోర్డే గీసేది. సర్క్యూట్ బొమ్మ అందరికీ తెలుసు. తెర పోతే అదే రకం తెర ఎవరు తయారు చేసినదైనా తెచ్చి తగిలిస్తే నడిచేది.

టచ్ స్క్రీన్‌తో ఆ వరస మారింది. ఇప్పుడు చాలా ప్రింటర్లలో తెర అంటే విడిగా ఒక చిన్న కంప్యూటర్. దానికి సొంత ప్రాసెసర్, సొంత ఫ్లాష్ మెమరీ, సొంత ఫర్మ్‌వేర్. ప్రధాన బోర్డుతో అది సీరియల్ వైర్ల మీద మాట్లాడుతుంది. పంపే వైరు ఒకటి, అందుకునే వైరు ఒకటి, 5 వోల్టులు, గ్రౌండ్. బటన్ల బొమ్మలు కూడా తెరలోనే ఉంటాయి. బోర్డు ఫర్మ్‌వేర్ మార్చి తెరది మార్చకపోతే ఒక బటన్ నొక్కితే ఇంకో పని జరిగేది అందుకే. దాన్ని చూసి టచ్ పాడైందనుకునేవాళ్లూ ఉన్నారు. తెర కంపెనీలు తమ ఫర్మ్‌వేర్ సోర్సు కోడ్‌ను అందరికీ బయట పెట్టిన సందర్భాలు లేకపోలేదు. బిగ్‌ట్రీటెక్ తన టీఎఫ్‌టీ తెరలది బయట పెట్టింది. రీసెట్ అనే పేరుతో ఖాళీ టెక్స్ట్ ఫైల్ మెమరీ కార్డులో వేసి ఆన్ చేస్తే ఆ తెర టచ్ క్యాలిబ్రేషన్ (నొక్కిన చోటును తెర సరిగా గుర్తించేలా సరిచేయడం) మళ్లీ అడుగుతుంది. ఇంత చిన్న సమాచారం చేతిలో ఉంటే సగం టెన్షన్ పోతుంది.

మొదట తేల్చుకోవాల్సింది తప్పు తెరదా, ప్రింటర్‌దా అన్నది. దీనికి పైసా ఖర్చు లేదు. ప్లగ్ తీసేసి, తెర కేబుల్ ఊడదీసి, ప్రింటర్‌ను యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కు కలిపి, మళ్లీ ఆన్ చేసి ఎం105 అని, అంటే ఉష్ణోగ్రత ఎంత అని అడిగే ఆదేశం, పంపాలి. నాజిల్, బెడ్ (వస్తువు రూపుదిద్దుకునే కింది పలక) ఉష్ణోగ్రతలు జవాబుగా వస్తే ప్రధాన బోర్డు బతికే ఉంది. ఏమీ రాకపోతే భయపడొద్దు. స్పీడ్ 115200 కాకుండా 250000 పెట్టి ఇంకోసారి పంపి చూడాలి. నాది మొదటిసారే పలికింది. తెర లేకుండా గంటసేపు ఆన్‌లో ఉంచాను, నాజిల్ చల్లగానే ఉంది. దెయ్యం తెరలోనే ఉందని తేలింది.

తర్వాత కరెంటు. తెర బోర్డు మీద ఒక చిన్న రెగ్యులేటర్ 5 వోల్టులను 3.3 చేస్తుంది. ఈ పనికి ఎక్కువగా వాడే 1117 రకం రెగ్యులేటర్‌కు లోపలికీ బయటికీ మధ్య వోల్టుకు పైగా తేడా కావాలి. సన్నటి, పొడవాటి కేబుల్‌లో వోల్టేజ్ పడిపోయి 5 కాస్తా 4.4 అయితే 3.3 కూడా జారుతుంది. అప్పుడు తెర వింతగా ప్రవర్తిస్తుంది. బెడ్ వేడెక్కుతున్నప్పుడు మాత్రమే తెర తిక్కగా ఉంటే ముందు ఇక్కడే చూడాలి. నా తెరలో 4.9, 3.3 స్థిరంగా ఉన్నాయి. అక్కడితో నాకు తెలిసింది అయిపోయింది. శనివారం చిక్కపేట మెట్రో స్టేషన్‌లో దిగి ఎస్పీ రోడ్డుకు నడిచాను.

సదర్ పత్రప్ప రోడ్డు అసలు పేరు తెలియనివాళ్లకు కూడా ఎస్పీ రోడ్డు తెలుసు. బెంగళూరులో రెసిస్టర్ నుంచి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ దాకా దొరికే చోటు అది. మెట్ల కింద రెండడుగుల బల్ల వేసుకుని పనిచేసే ఒక మదనపల్లె పెద్దాయన దగ్గరికి ఇదివరకు వెళ్లాను. తెర ఇచ్చి, కంట్రోలర్ చిప్ మార్చమన్నాను. ఆయన మార్చలేదు.

"చిప్పును ఊరికే అనొద్దు సార్. ముందు దాని నెత్తిన ఏం కూర్చుందో చూడాల" అన్నారు.

నాది వేలితో కాస్త గట్టిగా నొక్కాల్సిన రెసిస్టివ్ తెర. పైన పల్చటి ప్లాస్టిక్ పొర, కింద గాజు. రెండింటి లోపలివైపూ కరెంటు ప్రవహించే పారదర్శకమైన పూత. మధ్యలో కంటికి ఆనని చుక్కలు రెండు పొరలనూ విడిగా ఉంచుతాయి. నొక్కినచోట పొరలు కలుస్తాయి. అక్కడి వోల్టేజ్‌ను కంట్రోలర్ 0 నుంచి 4095 మధ్య అంకెగా మార్చి ప్రాసెసర్‌కు చెబుతుంది. ప్యానెల్ నుంచి వచ్చేవి నాలుగే తీగలు, ఎక్స్‌కు రెండు, వైకు రెండు. ఒకే పొర రెండు చివర్ల మధ్య కొన్ని వందల ఓమ్‌లు ఉండాలి. ఎక్స్ పొరకూ వై పొరకూ మధ్య, ఎవరూ నొక్కనప్పుడు, ఏ కలయికా ఉండకూడదు.

ఆయన ముందు మీటర్ ముల్లును కంట్రోలర్ పదకొండో కాలు మీద పెట్టారు. నా తెరలో ఉన్నది ఎక్స్‌పీటీ2046, పదహారు కాళ్ల చిప్. చాలా తెరల్లో ఇదే ఉంటుంది. రెండు వరుసల కాళ్లున్న ప్యాకేజీలో పదకొండోది 'ఎవరో నొక్కారు' అని ప్రాసెసర్‌కు చెప్పే కాలు. ఎవరూ ముట్టుకోనప్పుడు అక్కడ 3.3 వోల్టులు ఉండాలి, నొక్కగానే సున్నాకు పడాలి. మీటర్ సున్నాకు కాస్త పైన ఊగుతోంది. ఆయన తెర ఆపి, ప్యానెల్ రిబ్బన్ తీసేసి, మళ్లీ ఆన్ చేసి చూపించారు. 3.3.

"చూసినారా? చిప్పు బాగుంది. ఎవరో నొక్కుతానే ఉండారు, అదే చెప్తాంది పాపం."

చిప్ పోయి ఉంటే ప్యానెల్ తీసినా ఆ కాలు కిందే ఉండేది. ఇంత తేలికైన పరీక్ష చేయకుండానే నాకు 4,200 రూపాయల తీర్పు వచ్చింది.

ఇప్పుడు ప్యానెల్ వంతు. కరెంటు ఆపేసి, ఊడదీసిన రిబ్బన్ చివర కొలిచారు. ఎక్స్ 340 ఓమ్‌లు, వై 610. రెండూ సరిగానే ఉన్నాయి. ఎక్స్‌కూ వైకూ మధ్య మాత్రం వెయ్యికి కాస్త ఎక్కువ చూపించింది, ఎవరూ ముట్టుకోకుండానే. ఆయన ఫ్రేమ్ నాలుగు స్క్రూలు వదులు చేశారు. మూడో స్క్రూ తిప్పగానే మీటర్ ఓపెన్ చూపించింది, అంటే పొరలు విడిపోయాయి. ప్లాస్టిక్ ఫ్రేమ్ ఒక మూల వంగి, దాని అంచు పైపొర అంచును లోపలికి నొక్కుతోంది. నొక్కుతున్న చోటుకు సరిగ్గా పైన ఉన్నది ఆ ప్లస్ బటన్. వేడికి ఫ్రేమ్ ఇంకాస్త వంగడం వల్లే ప్రింట్ అయిపోయాక ఈ గొడవ మొదలయ్యేది. ఫ్రేమ్ అంచును ఆకురాయితో అర మిల్లీమీటరు అరగదీసి, చుట్టూ పల్చటి ఫోమ్ టేప్ అంటించారు. 150 రూపాయలు తీసుకున్నారు. అప్పటి నుంచి ఆ తెర తనంతట తాను ఏదీ నొక్కలేదు.

ప్రతి తెరా ఇలా బాగుపడుతుందని నేను అనను. ఒక దిశలో టచ్ అసలు లేకపోతే ఆ పొర తీగ తెగి ఉండొచ్చు. ఒక పట్టీ మేర మాత్రమే పలకకపోతే పూత అరిగి ఉండొచ్చు. అప్పుడు ప్యానెల్ మార్చాల్సిందే. అన్నిచోట్లా ఒకేలా పక్కకు పలుకుతుంటే అది క్యాలిబ్రేషన్. నిజంగా చిప్ పోయిన తెరలూ ఉంటాయి, వేడి గాలితో దాన్ని మార్చేవాళ్లు ఎస్పీ రోడ్డులో ఉన్నారు. తడిమితే పలికే కెపాసిటివ్ తెర అయితే ఈ ఓమ్‌ల లెక్క పనికిరాదు. నేను అడిగేదల్లా, పారేసే ముందు కొలిచే వీలు ఉండాలని.

కంపెనీల వైపు వాదన తెలుసు. డయాగ్రమ్ ఇస్తే నకిలీలు వస్తాయంటారు. నకిలీ చేసేవాడు బోర్డు ఒకటి కొని, పొర పొరా విప్పి చూసుకుంటాడు. డయాగ్రమ్ లేక ఆగిపోయేది సొంత ప్రింటర్ బాగు చేసుకునేవాడే. కొనేవాళ్లు చేతులు కాల్చుకుంటారన్నది ఇంకో వాదన, ఇందులో నిజం ఉంది. 24 వోల్టుల సప్లై డబ్బా లోపల మెయిన్స్ కరెంటు ఉంటుంది, తెలియనివాళ్లు అది విప్పకూడదు. కానీ తెరకు వచ్చేది 5 వోల్టులు. దాన్ని కూడా రహస్యంగా ఉంచడానికి భద్రత సాకు కాజాలదు. బాగు చేసుకోనివ్వకపోతే జనం ఏం చేస్తారో కూడా చూడాలి. తిక్క తెరతోనే నడిపిస్తారు. ప్రమాదం అక్కడుంది.

మన దేశంలో మరమ్మతు హక్కు గురించి మాట మొదలైంది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసి వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు-ట్యాబ్లెట్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుంది. అదే ఏడాది డిసెంబర్ 24న మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. 2025 మేలో మరమ్మతు సూచీపై (వస్తువు ఎంత తేలికగా బాగుపడుతుందో చెప్పే మార్కులపై) ఇంకో కమిటీ నివేదిక ఇచ్చింది, అది మొబైళ్లు, గృహోపకరణాల గురించి. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచే కొన్ని వస్తువులకు పదికి మార్కులు వేస్తోంది. పత్రాలు ఇస్తున్నారా, విప్పడం తేలికేనా, విడిభాగాలు దొరుకుతాయా, వాటి ధరెంత అన్నవి అందులో కొలతలు. ఇది మంచి నమూనా. మన నాలుగు రంగాల్లో 3డి ప్రింటర్ దేనికీ చెందదు. ఫోన్ కాదు, ఫ్రిజ్ కాదు.

కొనేవాళ్లు కొద్దిమందే కదా అని సరిపెట్టుకునే రోజులు పోయాయి. పిల్లలు సొంతంగా పరికరాలు తయారు చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబులను నీతి ఆయోగ్ పదివేల బడుల్లో పెట్టింది, వాటి పరికరాల్లో 3డి ప్రింటర్ ఉంది. రాబోయే ఐదేళ్లలో ఇంకో 50,000 ల్యాబులని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. అంత ప్రజాధనంతో కొనేటప్పుడు టెండరులోనే మూడు షరతులు పెట్టొచ్చు. తెర సర్క్యూట్ బొమ్మ, తెర ఫర్మ్‌వేర్ ఫైలు యంత్రంతోపాటు ఇవ్వాలి. టచ్ ప్యానెల్‌ను విడిగా అమ్మాలి. తెర లేకపోయినా యూఎస్‌బీతో యంత్రం నడవాలి. చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కొనేవాడు అడిగితే అమ్మేవాడు ఇస్తాడు.

మా అక్క హిందూపురం దగ్గర ఒక స్కూల్లో సైన్స్ టీచర్. వాళ్ల ల్యాబులోని ప్రింటర్ తెర చచ్చుబడి, యంత్రం మీద గుడ్డ కప్పి ఏడాదయింది. పోయిన వారం ఫోన్లో చెప్పినట్టు చేసి, ల్యాప్‌టాప్‌తో ప్రింటర్‌ను పలికించింది. పిల్లలు ఆ రోజే ఒక గేర్ చక్రం ప్రింట్ చేశారు. నిన్న రాత్రి మళ్లీ ఫోన్.

"ఒరేయ్, నువ్వు చెప్పినట్టే కొలిచినా. ఎక్స్‌కు నాలుగు వందలు చిల్లర వచ్చింది. వైకి ఏమీ రాలే. మధ్యలో కూడా ఏమీ లేదు."

"మధ్యలో లేకపోవడం మంచిదే అక్కా. వై తీగ ఎక్కడో తెగింది. రిబ్బన్ మడత దగ్గర పగులుందేమో టార్చ్ వేసి చూడు."

"పిల్లోళ్లను చూడమంటా. వాళ్ల కళ్లు నాకంటే బాగుంటాయి."