ఇనియెస్టా గోల్‌ని ఒక్క లైన్లో తేల్చేస్తే ఎట్టా

స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఇనియెస్టా కెరీర్ గురించి ఈ పోస్టులో ఇంత రాసి, స్పెయిన్‌ని గెలిపించిన ఆ 2010 వరల్డ్‌కప్ ఫైనల్ గోల్‌ని ఒక్క లైన్లో తేల్చేశారేందన్నా. ఆ రోజు కావలిలో మా బాబాయి వాళ్ళ మిద్దె మీద టీవీ పెట్టుకోని చూశాం, మనకి అర్ధరాత్రి పన్నెండుకి మొదలైంది, ఎక్స్‌ట్రా టైమ్ వచ్చేసరికి సగం మంది చాపల మీదే గుర్రు, అప్పుడు 116వ నిమిషంలో తన జట్టు ఫాబ్రెగాస్ పాస్ ఇస్తే బాల్ ఎగిరి కిందకి దిగతా ఉండంగానే కుడికాలితో కొట్టాడు, నెదర్లాండ్స్ కీపర్ చెయ్యి తగిలినా ఆగలా. చొక్కా విప్పేస్తే లోపల బనీను మీద చేత్తో రాసిన తన స్నేహితుడు డాని హార్కే పేరు. ఆ పిల్లోడు 2009లో చనిపోయాడు, ఆడింది ఎస్పాన్యోల్‌కి, అంటే ఇనియెస్టా ఆడే బార్సిలోనాకి సొంతూళ్ళోనే పోటీ క్లబ్బు! చొక్కా విప్పినందుకు ఇనియెస్టాకి ఎల్లో కార్డు ఇచ్చారు, ఇస్తే ఇచ్చారులే.

కింద కామెంట్లలో ఒకాయన ఇనియెస్టాకి గోల్స్ తక్కువ అంటుండాడు. మైదానం మధ్యలో ఆడే మిడ్‌ఫీల్డర్‌ని గోల్స్‌తో కొలిస్తే ఎట్టా సామీ? ఇద్దరు మీదకొచ్చినా బాల్ కాలికి అంటించుకున్న మాదిరి సందులోంచి జారుకునేవాడు. మా గ్రౌండ్‌లో ఫుట్‌బాలంటే బాల్ కనపడంగానే తన్నడమే, అందుకే నాకు ఆయన ఆట వింతగా ఉండేది. 2018లో బార్సిలోనా వదిలి జపాన్ పోయాక కూడా యూట్యూబ్‌లో వెతుక్కోని చూశా. 2024లో రిటైర్ అన్నప్పుడు బాబాయికి ఫోన్ చేస్తే, "ఆ బనీను పిల్లోడేనా?" అన్నాడు.