వీసా మీద ఏ పని రాసి ఉందో చూశాకే అప్పు చేయాలి

గల్ఫ్‌లో భవన నిర్మాణ పనులకు పోవాలనుకునేవాళ్లు ఊళ్లో మొదట అడిగేది ‘వీసాకు ఎంత?’ అని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు చూసినా, కడప, అన్నమయ్య జిల్లాల వైపు చూసినా ఇదే తీరు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి. వీసా ఎవరి పేరున వస్తోంది? దాని మీద ఏ పని రాసి ఉంది? ఆ పనికి ఎంత జీతమని భారత ప్రభుత్వ ఇమైగ్రేట్ పోర్టల్‌లో ఎక్కింది? ఈ మూడూ సక్రమంగా ఉన్న మనిషికి జీతం ఆగినా, సైట్ మీద కాలు విరిగినా అడిగేందుకు ఒక దారి ఉంటుంది. అవి లేకుండా వెళ్లినవాళ్లు చివరికి ఎంబసీ ముందు ఔట్‌పాస్ (ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే తాత్కాలిక పత్రం) కోసం నిలబడాల్సి వస్తుంది.

ఊళ్లో వీసాలు మూడు పేర్లతో అమ్ముడవుతాయి: కంపెనీ వీసా, ఆజాద్ వీసా, విజిట్ వీసా. వీటిలో ఆజాద్ వీసా అనేది ఏ దేశ చట్టంలోనూ లేదు. ఒక కఫీల్ (అక్కడి స్పాన్సర్) తన పేరు మీద తెచ్చుకున్న అనుమతిని అమ్ముకుంటాడు. కొన్నవాడు బయట దొరికిన చోటల్లా పని చేసుకుంటూ, అకామా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ వచ్చినప్పుడల్లా ఆ కఫీల్‌కు కప్పం కడుతుంటాడు. సౌదీలో ఇలాంటివి ఎక్కువగా ఇంటి డ్రైవర్, ఇంటి పనివాడి కోటాలో వస్తాయి. టైల్స్ వేసే మేస్త్రీ చేతిలో ఇంటి డ్రైవర్ అకామా ఉంటే, అక్కడి లెక్కల్లో అతను భవన కార్మికుడు కాడు. ఇంటి పనివాళ్లు సాధారణ కార్మిక చట్టం పరిధిలోకి రారు, వాళ్లకు నిబంధనలు వేరు. కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టర్ మీద ఫిర్యాదు చేయాలంటే తాను అనుమతి లేని పని చేశానని ముందు ఒప్పుకోవాలి. తనిఖీ జరిగితే ముందుగా పట్టుబడేదీ అతనే.

కువైట్‌లో ఈ తేడాను నంబర్లతో గుర్తుపట్టవచ్చు. కంపెనీ పనివాళ్లది ఆర్టికల్ 18, మనవాళ్లు షూన్ వీసా అనేది దీన్నే. ఇంటి పనివాళ్లది ఆర్టికల్ 20, అంటే ఖాదిం వీసా. 2024లో జులై నుంచి సెప్టెంబర్ దాకా ఓ రెండు నెలలు 20 నుంచి 18కి మారే వీలు కల్పించారు. మళ్లీ అలాంటి గడువు వస్తుందిలే అన్న ఆశతో ఖాదిం వీసా మీద సెంట్రింగ్ పనికి వెళ్లడం తెలిసి తెలిసి చిక్కుల్లో పడడమే.

విజిట్ వీసా ఇంకా ప్రమాదం. ‘అక్కడికి వచ్చాక మారుస్తాం’ అన్న మాట మీద యూఏఈకి, ఇరాక్‌కు ఎందరో వెళ్లారు. గడువు దాటితే యూఏఈలో రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది. పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా వేసేలా 2024లో చట్టాన్ని సవరించారు. అప్పటినుంచి యజమానులు భయపడుతున్నారు. ఆ భయంతో పనివాడిని చెప్పాపెట్టకుండా పంపించేస్తే, అప్పు మాత్రం ఊళ్లో అతని కోసం అలాగే ఉంటుంది.

పదో తరగతి పాస్ కానివారికి ఈసీఆర్ (వలస అనుమతి తీసుకోవాల్సిన) పాస్‌పోర్టు వస్తుంది. దాంతో గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలసలను చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) అనుమతి తప్పనిసరి. దీన్ని చాలామంది అడ్డంకిగా చూస్తారు, ‘ఎయిర్‌పోర్టు సెట్టింగ్’తో తప్పించుకోవాలనుకుంటారు. నిజానికి యజమాని పేరు, పని, జీతం, పని గంటలు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కేది ఈ అనుమతి వల్లే. పది పాసైన కుర్రాళ్లకు ఈ అనుమతి అక్కర్లేదు కాబట్టి వాళ్ల ఒప్పందం మన ప్రభుత్వ రికార్డులో నమోదు కాదు. చదువుకున్నవాడికే రక్షణ తక్కువ కావడం ఈ వ్యవస్థలోని పెద్ద లోపం. వాళ్లు కూడా ఇమైగ్రేట్‌లో స్వచ్ఛందంగా నమోదు చేసుకోవచ్చు, చేసుకుని తీరాలి.

సక్రమమైన కంపెనీ వీసాకు ఒక వరుస ఉంటుంది. కంపెనీ తన అవసరాన్ని ఇమైగ్రేట్‌లో పెడుతుంది, లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంట్‌కు అధికార పత్రం ఇస్తుంది. ఏజెంట్ లైసెన్సు నంబరు, దాని గడువు పోర్టల్‌లోనే చూసుకోవచ్చు. తర్వాత ఇంటర్వ్యూ, ట్రేడ్ టెస్ట్ (పనితనం పరీక్ష). ఇక్కడ మనవాళ్లు తడబడేది పనితనం లేక కాదు, కొలతల దగ్గర. ఇక్కడ అడుగులు, అంగుళాల్లో పని చేస్తాం. అక్కడి డ్రాయింగులన్నీ మిల్లీమీటర్లలో ఉంటాయి. స్టీల్ ఫిక్సర్‌గా వెళ్లేవాడు డ్రాయింగ్ చూసి రాడ్ల సైజు, వాటి మధ్య దూరం, కవర్ (రాడ్డు మీద ఉండాల్సిన కాంక్రీటు మందం) ఎంతో చెప్పగలగాలి. షట్టరింగ్ కార్పెంటర్ కాలమ్ బాక్సును గుండు పెట్టి నిలువు సరిచూసి చూపించాలి. ఓ నెల రోజులు మిల్లీమీటర్ టేపుతో పని చేసి, డ్రాయింగ్ చదవడం నేర్చుకుంటే హెల్పర్‌గా పోవాల్సినవాడు మేస్త్రీగా పోగలడు. ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ వంటి పనులకైతే సౌదీ తన సొంత నైపుణ్య పరీక్షను భారత్‌లోనే పెడుతోంది. అందులో పాస్ కాకపోతే వీసా స్టాంపింగ్ జరగదు.

మెడికల్ విషయంలో డబ్బు వృథా అయ్యేది తొందరపాటు వల్ల. చాలా గల్ఫ్ దేశాల వైద్య పరీక్షలకు వాఫిద్ వెబ్‌సైట్‌లో బుక్ చేసుకుంటే సెంటర్‌ను సాధారణంగా ఆ సిస్టమే కేటాయిస్తుంది. ఛాతీ ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేస్తారు. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఎక్స్‌రేలో కనిపించినా అన్‌ఫిట్ చేసే అవకాశం ఉంది. అందుకే పాత జబ్బు ఉన్నవాళ్లు ఎవరికీ పైసా ఇవ్వకముందే బయట ఎక్స్‌రే తీయించుకోవడం మేలు. ఫిట్ సర్టిఫికెట్ కొద్ది నెలలే చెల్లుతుంది. వీసా ఖాయం కాకముందే మెడికల్‌కు పంపే ఏజెంట్ వల్ల అదే ఖర్చు రెండోసారి పడుతుంది.

వీసా చేతికి వచ్చాక అరబీ చదవగలిగిన వారితో వృత్తి, స్పాన్సర్ పేరు చదివించుకోవాలి. ఆఫర్ లెటర్‌లో మేసన్ అని ఉండి వీసాలో మామూలు లేబర్ అని ఉంటే, అక్కడ దిగాక జీతం తగ్గించడానికి దారి తెరిచినట్టే. ఖతార్‌కు వెళ్లేవారికి హైదరాబాద్‌లోనే వీసా సెంటర్ ఉంది. వేలిముద్రలు, మెడికల్, ఒప్పందం మీద సంతకం అన్నీ ఇక్కడే పూర్తవుతాయి. ఒప్పందంలోని జీతం తనకు చెప్పినదానితో సరిపోలకపోతే సంతకం చేయకుండా ఇంటికి తిరిగి రావచ్చు. విమానం ఎక్కాక ఆ స్వేచ్ఛ ఉండదు. సౌదీలో ఒప్పందం అక్కడి ప్రభుత్వ కివా పోర్టల్‌లో నమోదవుతుంది, దాన్ని పనివాడు ఆమోదించాలి. క్యాంపులో సూపర్‌వైజర్ ఫోన్ తీసుకుని తానే ఆమోదం నొక్కేస్తే ఆ హక్కుకు విలువ లేదు. అక్కడ తీసుకునే సిమ్, అబ్షర్ (సౌదీ ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతా) పాస్‌వర్డ్ మన చేతిలోనే ఉండాలి. దిగిన మూడు నెలల్లో ఒప్పందం నమోదు కాకపోయినా, వరుసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోయినా, అకామా గడువు తీరినా కంపెనీ ఒప్పుకోలుతో పని లేకుండా వేరే కంపెనీకి మారవచ్చని 2021 సంస్కరణలు చెబుతున్నాయి. ఈ సంగతి తెలియక పారిపోయి ఖల్లివెల్లి (కాగితాలు లేని అక్రమ పనివాళ్లు) అయినవాళ్లు కొల్లలు.

ఇక డబ్బు. ఏజెంట్ తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30 వేలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 35,400 రూపాయలు. అదీ బ్యాంకు ద్వారా, రసీదుతో. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణం రిక్రూట్‌మెంట్, అకామా, రెన్యువల్ ఖర్చులను యజమాని మీదే పెట్టింది. యూఏఈ 2021 చట్టం కూడా నియామక ఖర్చును పనివాడి నుంచి రాబట్టకూడదంటుంది. మరి ఊళ్లో లక్షా, లక్షన్నర ఎందుకవుతోంది? అక్కడ వీసా అమ్మేవాడు, నగరంలో ఏజెంట్, మండలంలో సబ్ ఏజెంట్, ఊళ్లో మధ్యవర్తి ఎవరి వాటా వాళ్లు పెట్టుకుంటూ పోవడం వల్ల. ఖతార్ కనీస మూల వేతనం వెయ్యి రియాళ్లు. రియాల్ 23 రూపాయలనుకుంటే 23 వేలు. ఇంటికి నెలకు 15 వేలు పంపగలిగితే, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షన్నర తీరేసరికి దాదాపు ఏడాది పడుతుంది. అదే 35,400 అయితే మూడు నెలలు చాలు. రెండేళ్ల వీసాలో ఏడాది సంపాదన దళారులకు పోవడం మామూలు సంగతిగా చలామణి అవుతోంది, మనం దాన్ని దోపిడీ అనడం కూడా మానేశాం.

1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు లేని సబ్ ఏజెంట్ మనుషులను పంపడం నేరం. అప్పుడప్పుడు కేసులూ పెడుతున్నారు. కానీ 50 లక్షల బ్యాంకు గ్యారంటీ కట్టిన ఏజెంట్ ఆఫీసు హైదరాబాద్‌లోనో ముంబయిలోనో ఉంటుంది, పని వెతుక్కునేవాడు కోరుట్లలో ఉంటాడు. మధ్యలోని ఖాళీని సబ్ ఏజెంట్ నింపుతున్నాడు. అతన్ని జైల్లో పెట్టినంత మాత్రాన ఆ ఖాళీ పోదు.

ప్రభుత్వాలను కదిలించవచ్చని గతం చూపించింది. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం గల్ఫ్ దేశాలకు కనీస రిఫరల్ వేతనాలను (మనవాళ్లకు ఇంతకంటే తగ్గకూడదని మన ప్రభుత్వం పెట్టే జీతాలను) 30 నుంచి 50 శాతం దాకా తగ్గించినప్పుడు వలస కార్మిక సంఘాలు ఉద్యమించి తెలంగాణ హైకోర్టుకు వెళ్లాయి. మరుసటి ఏడాది పాత వేతనాలు తిరిగి వచ్చాయి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇచ్చేలా తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. ఇది అవసరమైన పని. ఎందుకంటే ఎమిగ్రేషన్ అనుమతితో పాటు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన పది లక్షలు ప్రమాద మరణానికీ, శాశ్వత వైకల్యానికీ మాత్రమే. క్యాంపులో నిద్రలో గుండె ఆగి పోయినవాడికి అది రాదు.

చనిపోయాక ఇచ్చేదానితో పాటు పోయేటప్పుడు చేయాల్సింది ఉంది. తెలంగాణ రాష్ట్రానికి టామ్‌కామ్ రూపంలో విదేశీ ఉద్యోగాలకు పంపే సొంత లైసెన్సున్న సంస్థ ఉంది. అది జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి ఐటీఐల్లోనే ట్రేడ్ టెస్టులు, కంపెనీ ఇంటర్వ్యూలు పెట్టాలి. వీసా కాగితం పట్టుకొచ్చిన ఎవరికైనా అందులో ఏ పని, ఏ జీతం రాసి ఉందో చదివి చెప్పే మనిషిని కలెక్టరేట్‌లో కూర్చోబెట్టాలి. ఇమైగ్రేట్‌లో నమోదైన ఒప్పందాన్ని హామీగా తీసుకుని సహకార బ్యాంకులు 50 వేల దాకా తక్కువ వడ్డీకి అప్పివ్వాలి. ఆజాద్ వీసాకు, విజిట్ వీసాకు ఆ కాగితం ఉండదు గనుక అప్పూ పుట్టదు.