క్యాబిన్ స్పీకర్ గారికి

అయ్యా,

నమస్కారం. మీరు గోడలో, నేను మంచం మీద, మధ్య జానెడు దూరం. పది రోజుల నుంచి ఇరుగుపొరుగులం. అయినా ఉత్తరం రాయాల్సి వచ్చింది. ఇవాళ మధ్యాహ్నం రిసెప్షన్ కౌంటర్‌కి వెళ్ళొచ్చాను మరి.

ఈ నార్వే ఓడవాళ్ళ హామీ మీకు తెలిసిందే. ప్రయాణం మొత్తంలో నార్తర్న్ లైట్స్, అదే ఉత్తరాది ఆకాశంలో రాత్రిపూట ఆడే రంగుల వెలుగులు, ఒక్కసారైనా కనిపించకపోతే ఇంకోసారి ఉచితంగా తిప్పుతామన్నారు. నాకు కనిపించలేదని చెప్పాను. ఆ అమ్మాయి కంప్యూటర్ చూసి, ఎంతో మర్యాదగా, “కనిపించాయండీ. ట్రోమ్సో దాటిన రాత్రి, 1:40కి. అనౌన్స్ చేశాం కదా” అంది.

అంటే మీరు పలికితే నేను చూసినట్టే!

ఆ రాత్రి గుర్తుందా? టక్కుమన్నారు. నార్వేజియన్‌లో ఏదో చెప్పారు, లేచి కూర్చున్నాను. జర్మన్‌లో చెప్పారు, లైటు స్విచ్ వెతుక్కున్నాను. ఇంగ్లీషు వంతు వచ్చేసరికి ఒక కాలికి థర్మల్ (చలికి లోపల వేసుకునే ప్యాంటు) ఎక్కింది. ఫిబ్రవరి నెల, దాదాపు 70 డిగ్రీల అక్షాంశం. థర్మల్ మీద పంజాబీ డ్రెస్, దానిమీద స్వెటర్, శాలువా, కోటు, రెండు జతల సాక్సులు, మంకీ క్యాప్. లేసులు కట్టుకుందామంటే కోటు వంగనివ్వదు. మావారు కళ్ళు తెరవకుండానే “నువ్వు చూసొచ్చి చెప్పు” అన్నారు.

పైన డెక్ తలుపు నేను తోస్తే గాలి నన్ను తోసింది. ఎలాగో బయటపడ్డాను. అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. నేను తలెత్తి చూస్తే ఒక బూడిదరంగు చార. ముగ్గుపిండి చెయ్యి ఎవరో గోడకి తుడిచినట్టుంది, అంతే. “ఎక్కడండీ?” అని పక్కనున్న పెద్దాయన్ని అడిగాను. ఆయన ఆకాశం వైపు చూపించలేదు, తన ఫోన్ చూపించాడు. అందులో చిలకపచ్చ చీర ఆరేసినట్టు ఎంత వెలుగో! మళ్ళీ పైకి చూశాను. అదే ముగ్గుపిండి.

మర్నాడు ఓడలోనే లెక్చర్ పెట్టి వివరించారు. సూర్యుడి వైపు నుంచి వచ్చే కణాలు వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్‌ని తాకితే ఆకుపచ్చ వెలుగు పుడుతుందట. అది సన్నగా ఉంటే మన కంటికి రంగు తెలియదట. ఫోనేమో రెండు మూడు సెకన్లు కన్ను తెరిచి ఉంచి వెలుగుని కూడబెట్టుకుంటుందట. సైన్స్‌తో నాకు పేచీ లేదు. కానీ మా అబ్బాయి టికెట్ కొన్నది ఫోన్‌కి కాదు, నాకు.

మిగతా నాలుగుసార్లూ మీరు పిలిస్తే వెళ్ళింది మబ్బులు చూడ్డానికే. మీరు పిలవని రాత్రుళ్ళు కూడా నిద్ర లేదు. ఈ తీరం ఓడలు 1893లో ఉత్తరాలూ సరుకులూ మోయడానికి మొదలయ్యాయట, ముప్ఫై నాలుగు రేవుల్లో ఆగుతాయట. సంతోషం. అర్ధరాత్రి రెండింటికి ఏదో రేవులో సామాన్లు దించే దబదబలకి, మీరేనేమో అనుకుని సాక్సులు కూడా తొడుక్కున్నాను.

బెర్గెన్‌లో వాన సంగతి వదిలేద్దాం, ఆ ఊరికి అదే వృత్తి. ఆర్కిటిక్ వలయం దాటుతున్నామని వెళ్ళేటప్పుడు వీపులో ఐసు వేశారు, వచ్చేటప్పుడు చెంచాడు కాడ్ లివర్ ఆయిల్ తాగించారు. చెంచా మాత్రం ఉంచుకోమన్నారు. సరే, వాళ్ళు ఇస్తామన్నది ఇచ్చారు.

నువ్వు? కళ్ళు లేవు, ఒంటికి చలి లేదు, ఆ గోడలోంచి గజం కదిలింది లేదు. నువ్వా నా తరఫున సాక్షివి? ముసల్దాన్ని అర్ధరాత్రి మెట్లెక్కించి, గాలికి నిలబెట్టి, పైగా నేను చూశానని నాకే చెప్తావా? సిగ్గుండాలి!

కోపంలో ఏకవచనం వచ్చేసింది, క్షమించండి.

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. ఆ పెద్దాయన మర్నాడు ఫొటో పంపించాడు. దాన్ని మావారు ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేశారు. ఆ రాత్రి గుర్రుపెట్టి పడుకున్న మనిషి “మాటల్లో చెప్పలేం” అని కింద రాశారు కూడా. కాకినాడ నుంచి మా వదిన ఫోన్ చేసి “కళ్ళారా చూశావా వదినా, ఎలా ఉంది?” అని అడిగింది. “అబ్బ, ఏం చెప్పను!” అన్నాను.

కాబట్టి కౌంటర్ దగ్గర నేనూ గట్టిగా వాదించలేకపోయాను.

రేపు ట్రాండ్‌హైమ్ రేవు. దక్షిణానికి ఇంత దూరం వచ్చాక ఇక ఛాన్స్ తక్కువని మా అబ్బాయి మెసేజ్ పెట్టాడు. మిమ్మల్ని ఆపేయమని మావారు మూడో రాత్రి నుంచీ పోరుతున్నారు. బటన్ నా చేతికందేంత దూరంలోనే ఉంది. ఆపేశానని ఆయనకి చెప్పాను.

ఆపలేదు. థర్మల్ కుర్చీ మీదే ఉంది. ఒక్క మనవి: ఈసారి ఇంగ్లీషు ముందు చెప్పండి.

ఇట్లు,
మీ కింది మంచం ప్రయాణికురాలు