రంగుల సంగతి తర్వాత, ముందు ఇంటి ఖాతా చూసుకోండి

బెంగళూరులో ఫ్లాట్ అమ్మాలనుకున్న తెలుగువాళ్లలో చాలామంది మొట్టమొదట చేసే పని పెయింటర్‌కి ఫోన్ చేయడం. మారతహళ్లిలో పదిహేనేళ్ల కింద కొన్న డబుల్ బెడ్‌రూమ్ అయినా, సర్జాపుర రోడ్డులో నిన్నమొన్న కొన్న ట్రిపుల్ బెడ్‌రూమ్ అయినా వరస అదే. హైదరాబాద్‌కి ట్రాన్స్‌ఫర్ వచ్చిందనో, పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు కాబట్టి ఇక్కడ మనకేం పని అనో అమ్మకానికి పెడతారు. మర్నాటికల్లా టేబుల్ మీద కలర్ కార్డు ఉంటుంది. తర్వాత మాడ్యులర్ కిచెన్ కొటేషన్, ఆ తర్వాత ఫాల్స్ సీలింగ్. నాలుగైదు లక్షలు పెడితే పది లక్షలు ఎక్కువ పలుకుతుందని ఎవరో చెబుతారు. ఆ చెప్పేది తరచూ ఆ పని చేసిపెట్టేవాళ్లే.

ఆ పది లక్షలు ఎవరి జేబులోంచి రావాలో ఒకసారి లెక్కేద్దాం. కోటి రూపాయల ఫ్లాట్ అనుకోండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం హోమ్ లోన్ 75 లక్షలు దాటితే ఆస్తి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదు. అంటే కోటికి 75 లక్షల దగ్గరే ఆగిపోతుంది, పాతిక లక్షలు కొనేవాడే తెచ్చుకోవాలి. కర్ణాటకలో 45 లక్షలు దాటిన ఆస్తికి స్టాంప్ డ్యూటీ 5 శాతం. సెస్సు, సర్‌ఛార్జి కలిపితే 5.6. రిజిస్ట్రేషన్ ఫీజేమో 2025 ఆగస్టు 31 నుంచి రెట్టింపై 2 శాతం అయింది. ఈ 7.6 లక్షలకి లోన్ రాదు. బ్రోకర్ కమీషన్, షిఫ్టింగ్ ఖర్చు కలపకుండానే ముప్పై రెండున్నర లక్షల పైచిలుకు సొంతంగా సర్దుకుని వచ్చిన మనిషికి మీ ఫాల్స్ సీలింగ్ మీద ఎంత మోజుంటుంది? బ్యాంకు పంపే వ్యాల్యూయర్ కూడా కర్టెన్లకి, లైట్లకి లెక్క కట్టడు. ఇక మనవాళ్లే కొంటే, పొయ్యి ఆగ్నేయంలో లేదని మీ కొత్త గ్రానైట్ గట్టుని గృహప్రవేశానికి ముందే పగలగొట్టినా ఆశ్చర్యం లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఈ ఊళ్లో ఇల్లు కొనేవాడు ముచ్చటపడుతూ రాడు, అనుమానపడుతూ వస్తాడు. అతని అనుమానాలకి జవాబులు సిద్ధం చేసుకోవడమే ఇల్లు సిద్ధం చేయడం.

ఇల్లు చూడ్డానికి మొగుడూపెళ్లాలు మాత్రమే రారు. అనంతపురం నుంచి మామగారో, నెల్లూరు నుంచి పెద్దన్నయ్యో వెంట ఉంటాడు. ఆయన సోఫాలో కూర్చోడు, కాఫీ వద్దంటాడు. నేరుగా బాత్రూమ్ గోడకి ఇవతలి వైపు, అంటే బెడ్‌రూమ్‌లో వార్డ్‌రోబ్ పక్కకి వెళ్లి అరచేయి ఆనించి చూస్తాడు. వేలి కణుపుతో తట్టి పుట్టీ గుల్ల శబ్దం వస్తుందేమో వింటాడు. వంగి, స్కర్టింగ్ పైన తెల్లటి ఉప్పు పొడి రాలుతోందేమో చూస్తాడు. మూడు గోడలు పాతగా ఉండి నాలుగోదానికే కొత్త పెయింట్ వేసుంటే ఇక ఒక్క ప్రశ్న కూడా అడగడు. బేరంలో ఎంత కొయ్యాలో అక్కడే మనసులో వేసేసుకుంటాడు. ఆ పెయింట్‌కి మీరు పెట్టిన ఖర్చు మీ ధరనే తగ్గించిందన్నమాట.

తేమ గోడమీద కనిపిస్తుంది గానీ చాలాసార్లు దాని పుట్టుక పై ఫ్లాట్ బాత్రూమ్‌లో ఉంటుంది. టైల్స్ మధ్య గ్రౌట్ ఊడిపోయో, నీళ్లు పోయే ట్రాప్ చుట్టూ పగిలో నీళ్లు దిగుతుంటాయి. అక్కడ బాగు చేయకుండా ఇక్కడ ఎన్ని పూతలు వేసినా జూన్ వానలకి పొక్కులు లేవడం ఖాయం. పై ఇంటాయన ఒప్పుకోడు, అసోసియేషన్‌లో ఎవరూ పట్టించుకోరు, టెన్షన్ తప్పదు. అయినా డబ్బు పెట్టాల్సింది అక్కడే. పని చేయించి, గోడ పూర్తిగా ఆరనిచ్చి, ఆ బిల్లు దాచి, కొనేవాళ్లకి మీరే చూపించండి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసిన లోపం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేనిది అయితే, అమ్మేవాడు చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ చట్టం మోసంగానే చూస్తుంది. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల నీళ్లు నిలిచిన రోజుల్లో మీ బేస్‌మెంట్ మునిగి ఉంటే అదీ దాచకండి. వాచ్‌మన్ ఎలాగూ చెప్పేస్తాడు.

నీళ్ల సంగతి అడగని కొనుగోలుదారు 2024 ఎండాకాలం తర్వాత నాకు తారసపడలేదు. బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం అపార్ట్‌మెంట్లు కొట్టుకున్న ఏడాది అది. అదే అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలైంది. నగరంలో కలిసిన 110 గ్రామాలకి రోజుకి 77.5 కోట్ల లీటర్లు తేవాలన్నది దాని లక్ష్యం. మీ అపార్ట్‌మెంట్‌కి కనెక్షన్ వచ్చిందా, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకి ఎంతైంది, మెయింటెనెన్స్‌లో దానికి విడిగా వసూలు చేశారా: అసోసియేషన్ లెక్కల్లో ఇవన్నీ ఉంటాయి. ఆ కాగితం ఒక్కటి టేబుల్ మీద పెడితే ఇటాలియన్ మార్బుల్ కన్నా బాగా పని చేస్తుంది.

ఇక అసలు చిక్కు కాగితాలది. ఖాతా అంటే ఆస్తి పన్ను కోసం కార్పొరేషన్ మీ పేరున ఉంచే రికార్డు. 2024 చివరి నుంచి బెంగళూరులో దాని ఆన్‌లైన్ రూపమైన ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషన్ జరగడం లేదు. అది ఆధార్‌తో, ఆస్తి పన్ను వివరాలతో, సేల్ డీడ్‌తో ముడిపడి ఉంటుంది. సరిగ్గా ఇక్కడే తెలుగువాళ్లు ఇరుక్కుంటారు. సేల్ డీడ్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా వెనక ఉంటుంది, పాన్ కార్డులో మధ్యలో దూరుతుంది. మనకి ముగ్గురూ ఒకరే. కంప్యూటర్‌కి ముగ్గురూ వేరు. సరిచేయించుకోవడానికి వారాలు పట్టొచ్చు. పైగా 2025 సెప్టెంబరులో పాత మహానగర పాలికెని, అంటే నగరపాలక సంస్థని, ఐదు కార్పొరేషన్లుగా విడదీశారు కాబట్టి ఏ ఆఫీసుకి వెళ్లాలో ముందు అది తేల్చుకోవాలి. టోకెన్ అడ్వాన్స్ తీసుకున్నాక ఈ తిరుగుడు మొదలైతే, కొనేవాడు ఇంకో ఫ్లాట్ చూసుకుంటాడు.

బీ-ఖాతా, అంటే అనుమతుల్లో లోపాలున్న ఆస్తులకి విడిగా ఇచ్చే ఖాతా అయితే చాలా బ్యాంకులు వెనకాడతాయి, కొనేవాళ్లు తగ్గుతారు, ధర తగ్గుతుంది; పెయింట్‌తో పోయేది కాదది. ఓసీ (భవనంలో కాపురం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) విషయంలోనూ ఇప్పుడు అందరూ గట్టిగా అడుగుతున్నారు. ఓసీ లేని భవనాలకి కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వకూడదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత మరీను. మదర్ డీడ్ (ఆస్తి మూలపత్రం), తాజా ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే సర్టిఫికెట్), పన్ను రశీదులు, అసోసియేషన్ ఇచ్చే అభ్యంతరం లేదన్న ఎన్‌ఓసీ ఒక ఫైల్లో ఉండాలి. లోన్ మిగిలుంటే, ఏయే ఒరిజినల్స్ తన దగ్గరున్నాయో బ్యాంకు నుంచి లిస్టు రాయించుకోండి.

ఇంటి ముస్తాబు దండగని నేననడం లేదు. ఇల్లు ఖాళీగా, వెలుతురుగా కనపడాలి. అటక మీది పాత సూట్‌కేసులు, బాల్కనీలో ఎండిపోయిన కుండీలు, యుటిలిటీలో పేర్చిన అట్టపెట్టెలు తీసేస్తే గది పెద్దదవుతుంది, పైసా ఖర్చు లేదు. కారే కొళాయిలు, బిగుసుకున్న తలుపు గడియలు, వెలగని బల్బులు ఒక్కరోజు పని. పెయింట్ వేస్తే ఇల్లంతా ఒకే లేత రంగు వేయండి, లేకపోతే మానేయండి. వాస్తు గురించి వాదనకి దిగకండి. వచ్చినవాళ్లు గుమ్మంలో ఫోన్ కంపాస్ పట్టుకుంటారు. స్లాబులో ఇనుముకి, పక్కనున్న లిఫ్టుకి దాని ముల్లు ఎటో తిరుగుతుంది, తూర్పు ఫేసింగ్ కాస్తా ఆగ్నేయం అవుతుంది. ఉత్తరం గుర్తున్న అప్రూవ్డ్ ప్లాన్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకుంటే ఆ రభస ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

అమెరికాలో ఉండి అమ్మేవాళ్లకి దారి ఇంకొంచెం పొడుగు. ఇక్కడుండే అమ్మకందారుకి 50 లక్షలు, ఆపైన ధరకి టీడీఎస్, అంటే కొనేవాడు ధరలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, 1 శాతమే. ఎన్నారై అయితే కొనేవాడు చాలా ఎక్కువ కోయాలి, అదీ మామూలుగా లాభం మీద కాకుండా మొత్తం అమ్మకం ధర మీద. తక్కువ కోతకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్ ముందే తెచ్చుకుంటేనే ఆ డబ్బు రీఫండ్ కోసం ఇరుక్కుపోకుండా ఉంటుంది. అక్కడ రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ చేయించాలి. ఇంట్లో అద్దెకున్నవాళ్లుంటే వాళ్లతోనూ ముందే మాట్లాడుకోండి. ఆదివారం ఉదయం పదింటికి తలుపు తీసేది వాళ్లే. ఒక నెల అద్దె వదులుకుంటామంటే ఇల్లు సర్ది ఉంచుతారు; చెప్పాపెట్టకుండా బ్రోకర్‌ని పంపిస్తే, గోడమీద మచ్చ ఎక్కడుందో వాళ్లే చూపిస్తారు.