సవరణ: లేజర్ కటింగ్ అన్నంత మాత్రాన మంచి కిట్ కాదు

చెక్క ఓడ మోడల్ కిట్ల మీద ఇంతకుముందు రాసినదాంట్లో "లేజర్‌తో కోసిన కిట్ అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు" అన్న వాక్యాన్ని ఇలా మార్చి చదువుకోండి: లేజర్ వల్ల కోత శుభ్రంగా వస్తుంది, అంతే, చెక్క ఎలాంటిదో అది చెప్పదు. డైతో, అంటే పదునైన అంచులున్న లోహపు అచ్చుతో, నొక్కి కోసే పాత పద్ధతిలో పీచు నలిగి అంచులు చిట్లుతాయి, లేజర్‌లో ఆ బాధ లేదు గానీ అంచు నల్లగా మాడుతుంది, ఆ మసిని శాండ్‌పేపర్‌తో తీయకుండా అతికిస్తే జిగురు సరిగ్గా పట్టదు, పైగా పలకల మధ్య నల్ల గీతలు తేలతాయి. అలాగని మరీ రుద్దేస్తే ముక్క సైజే తగ్గిపోతుంది.

అసలు చూడాల్సింది ప్లైవుడ్. ఓడ మధ్యలో పొడవునా నిలబడి అడ్డ చట్రాలన్నిటినీ పట్టుకునే ప్లైవుడ్ ముక్క ఒకటుంటుంది, అది వంకరపోయిందంటే ఓడంతా మెలితిరుగుతుంది. పెట్టె తెరవగానే దాన్ని చదునైన గాజు మీద పెట్టి చూడండి, ఒక కొన పైకి లేస్తే అప్పుడే మార్చమని అడగండి.

వాల్‌నట్ పలకలు ఖరీదైనవాటిలా కనిపిస్తాయి కానీ 1:64 స్కేలులో, అంటే అసలు ఓడలో 64వ వంతు సైజులో, ఆ చెక్కలోని రంధ్రాలు, చారలు నాకైతే ఎబ్బెట్టు. పీచు సన్నగా ఉండే పియర్, బాక్స్‌వుడ్ చెక్కలకే నా ఓటు. రంగు వేసేవాళ్లకు బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్క చాలు.