దోమకు లేని తొందర పొగకెందుకు?

మా వార్డులో ఈ వారం ఫాగింగ్ ప్రారంభోత్సవం జరిగింది. అవును, ప్రారంభోత్సవమే. మెషీన్‌కు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. వచ్చిన పెద్దలందరికీ తలా ఒక కొబ్బరి బోండాం. నాయకుడుగారు మెషీన్ భుజాన వేసుకుని మీట నొక్కారు. అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారి ఎంత పొగ కక్కిందంటే, అందులో నాయకుడుగారే కనబడలేదు. ఫొటోలో ముఖం పడలేదని ఆపించి, పొగ విడిపోయాక మళ్లీ కొట్టించారు. కార్యక్రమం దిగ్విజయంగా ముగిసింది. ఖాళీ బోండాలు అక్కడే గోడ పక్కన గుట్టపోశారు. రాత్రి వాన పడి అన్నీ నిండాయి. డెంగీ దోమకు ఇంతకంటే మంచి పురిటిల్లు దొరుకుతుందా?

అది పగటిపూట కుట్టే ఏడిస్ దోమ. మురుగు దానికి గిట్టదు. కూలర్, పాత టైరు, మూతలేని డ్రమ్ము, ఇలా నిలవున్న మంచినీళ్లు కావాలి. గుడ్లు ఎండిపోయి నెలల తరబడి ఉండి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. పొగ బండి వచ్చే వేళకు అది మంచం కింద, కర్టెన్ వెనక హాయిగా కూర్చుని ఉంటుంది. మనమేమో పొగ లోపలికి రాకుండా తలుపులు, కిటికీలు బిగిస్తాం. దోమ రక్షణ బాధ్యత ప్రజలే స్వచ్ఛందంగా తీసుకున్నారన్నమాట.

వైరస్‌కూ తొందర లేదు. రోగి రక్తం తాగిన ఆడదోమ పేగుల్లోంచి లాలాజల గ్రంథులకు చేరడానికి 8 నుంచి 12 రోజులు తీసుకుంటుంది. ఆ తర్వాత ఆ దోమ బతికినంత కాలం పంచుతూనే ఉంటుంది. కుట్టినప్పుడు చర్మంలో కాపలా ఉండే రోగనిరోధక కణాలే మొదట వైరస్‌ను పట్టుకుంటాయి. పట్టుకుని, ఎదుటి పార్టీవాడికి కండువా కప్పినట్టు, ఒక సంచిలో చుట్టి లోపలికి తీసుకెళతాయి. ఆ సంచిలో పెరిగే ఆమ్లమే వైరస్ పైపొర రూపు మార్చి, దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ బయటపడే దారి తెరుస్తుంది. ఇక కణంలోని యంత్రాంగమంతా వైరస్ నకళ్లు తీసే పనిలో పడుతుంది. డెంగీలో 4 రకాలున్నాయి. రెండోసారి వేరే రకం సోకితే, మొదటిసారి ఒంట్లో తయారైన యాంటీబాడీలు దాన్ని ఆపలేకపోగా కొన్నిసార్లు కణాల్లోకి తామే మోసుకెళతాయి. అందుకే రెండోసారి ప్రమాదం ఎక్కువ.

బ్రిటిష్ వైద్యుడు రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా జీవిని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. దోమ గుట్టు ప్రపంచానికి చెప్పిన ఊళ్లో మనమిప్పుడు పొగకు దండలు వేస్తున్నాం.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. మా వెనక వీధిలో ఒక పాప పోయింది. జ్వరం దిగింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. డెంగీలో అసలు గండం జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజుల్లోనే, రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, కారిపోయేటప్పుడే ఉంటుందని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. ఆగని వాంతులు, కడుపునొప్పి, మత్తు కనబడితే పరిగెత్తమని ఒక్క మైకులోనూ వినబడలేదు. రికార్డులో ఏం రాశారో తెలుసా? విషజ్వరం! ఏ విషం? ఎవరు పెట్టారు? టెస్టు చేయకపోతే డెంగీ లేదు, డెంగీ లేకపోతే చావు లెక్కలోకి రాదు. సిగ్గుండాలి.

ఇంటింటికీ వచ్చి డ్రమ్ముల్లో టార్చి వేసి, లార్వా ఉంటే నీళ్లు పారబోయించే మనిషి మాత్రం మా వీధిలో కనబడి చాలా కాలమైంది. మెషీన్ కొన్నాక మనుషులెందుకని అడిగారట ఆఫీసులో.